కడుపులో బిడ్డ.. గుండెలో దిగులు!

* బరువు, రక్తపోటు చూస్తున్నారు.. మనసు సంగతి అడిగేవారేరీ?
* రాజంపేట పల్లెల్లో గర్భిణులకు ఎడబాటు, అప్పులే అదనపు భారం
* రెండు ప్రశ్నలతో గుర్తించవచ్చు.. నాలుగు మాటలతో ఆదుకోవచ్చు

రాజంపేట: కడుపుతో ఉన్న ఆడబిడ్డను కంటికి రెప్పలా చూసుకోవడం మన పల్లెల ఆనవాయితీ. పులుపు కావాలంటే పులుపు, తీపి కావాలంటే తీపి తెచ్చి పెడతారు. శ్రీమంతం చేసి గాజులు తొడుగుతారు. గ్రహణం పట్టిన వేళ గడప దాటనివ్వరు. ఇంత జాగ్రత్త తీసుకునే ఇళ్లలోనే ఒక ప్రశ్న మాత్రం వినిపించదు. 'నీ మనసు ఎలా ఉంది?' అని ఆమెను అడిగేవారు అరుదు. అడిగినా 'బాగానే ఉంది' అన్న మాటతో ఆ సంభాషణ ముగిసిపోతుంది. లోలోపల గూడు కట్టుకున్న దిగులు కాన్పు దాకా, ఆ తర్వాత బాలింత రోజుల్లోకీ వెంట నడుస్తోంది.

ఇది ఏ ఒక్క ఇంటి సమస్యో కాదు. ప్రపంచవ్యాప్తంగా గర్భిణుల్లో సుమారు 10 శాతం, బాలింతల్లో 13 శాతం మంది మానసిక రుగ్మతకు, ప్రధానంగా కుంగుబాటుకు లోనవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంటోంది. వర్ధమాన దేశాల్లో ఇది గర్భిణుల్లో 15.6 శాతం, బాలింతల్లో 19.8 శాతం. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను క్రోడీకరించి 2017లో ఆ సంస్థ పత్రికలో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం కాన్పు తర్వాత కుంగుబాటుకు గురవుతున్నవారు 22 శాతం. అంటే ప్రతి అయిదుగురు బాలింతల్లో కనీసం ఒకరు. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిలో ఏడాదికి 300 మంది గర్భిణులు నమోదవుతారనుకుంటే, వర్ధమాన దేశాల లెక్కన వారిలో 45 మందికి పైగా ఈ బాధ పడుతూ ఉండాలి. రికార్డుల్లో అంతమంది కనిపించకపోవడానికి కారణం వారు లేకపోవడం కాదు. వెతికేవారు లేకపోవడమే.

దేహాన్ని గెలిచాం.. మనసును మరిచాం

తల్లుల ప్రాణాలు కాపాడడంలో రాష్ట్రం సాధించిన ప్రగతిని తక్కువ చేయలేం. 2018-20 నాటి నమూనా నమోదు లెక్కల ప్రకారం ప్రతి లక్ష కాన్పులకు మాతృ మరణాలు దేశంలో 97 ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 45 మాత్రమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. మంత్రసాని చేతిలో కాన్పులు జరిగిన రోజులు దాదాపు గతించాయి. 2005లో మొదలైన జననీ సురక్ష యోజన, అదే ఏడాది రూపుదిద్దుకున్న ఆశా కార్యకర్తల వ్యవస్థ, 108 వాహనాలు ఇందుకు తోడ్పడ్డాయి. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు నిర్వహిస్తున్నారు.

అయితే అదే సర్వే మరో కోణాన్నీ చూపింది. రాష్ట్రంలో 53.7 శాతం గర్భిణులు రక్తహీనతతో ఉన్నారు. 20-24 ఏళ్ల యువతుల్లో 29.3 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే పెళ్లయింది. 15-19 ఏళ్ల వారిలో 12.6 శాతం మంది అప్పటికే తల్లులయ్యారు, లేదా గర్భంతో ఉన్నారు. ఈ మూడూ విడివిడి అంకెలు కావు. చదువు మధ్యలో ఆగిపోయిన పిల్ల, ఒంట్లో రక్తం లేని పిల్ల, కొత్త ఇంట్లో నోరు విప్పలేని పిల్ల చాలాసార్లు ఒక్కరే. కుంగుబాటుకు దారితీసే కారణాల జాబితాలో లేత వయసు, బలహీనత, ఆసరా లేకపోవడం ముందు వరుసలో ఉంటాయి. రక్తహీనత వల్ల కలిగే నీరసం, నిద్రలేమి, చిరాకు కుంగుబాటు లక్షణాలను పోలి ఉండడంతో రెండింటినీ వేరుచేసి చూడడం కూడా కష్టమవుతోంది.

కువైట్ ఎడబాటు

రాజంపేట, రైల్వేకోడూరు, రాయచోటి ప్రాంతాలకు కువైట్‌తో ఉన్న అనుబంధం తెలియనిది కాదు. వానలు ముఖం చాటేసిన ఏళ్లలో, మామిడి, అరటి ధర పడిపోయిన ఏళ్లలో ఈ పల్లెలను నిలబెట్టింది అక్కడి నుంచి వచ్చిన డబ్బే. కొత్త మిద్దెలు, ఆడపిల్లల పెళ్లిళ్లు, పిల్లల చదువులు ఆ సంపాదనతోనే సాగాయి. దానికి ఇంటి ఆడవారు చెల్లిస్తున్న మూల్యం మాత్రం ఏ లెక్కలోకీ రావడం లేదు.

పెళ్లయిన కొద్ది నెలలకే భర్త తిరుగు ప్రయాణమవుతాడు. ఆయన అక్కడికి చేరాక భార్యకు నెల తప్పిన సంగతి తెలుస్తుంది. కాన్పుకు రావాలంటే యజమాని సెలవు ఇవ్వాలి, టికెట్‌కు డబ్బు ఉండాలి. వీసా కోసం నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు తీరేవరకు తిరిగి రావాలన్న ఊసే ఎత్తలేని పరిస్థితి. ఇక మిగిలింది ఫోను. మనకంటే కువైట్ గడియారం రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది. అక్కడ ఇంటి పనో, డ్రైవర్ పనో ముగించుకుని ఆయన ఫోను పట్టేసరికి ఇక్కడ అర్ధరాత్రి అవుతుంది. అత్తమామల మధ్య, చుట్టూ జనం ఉండగా ఆమె చెప్పగలిగింది 'అందరం బాగున్నాం' అన్న ఒక్క మాటే. ఆయన బాధపడతాడని ఈమె దాస్తుంది. ఈమె దిగులు పడుతుందని ఆయన దాస్తాడు.

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన మరో చిక్కుంది. ఇక్కడి నుంచి కువైట్ వెళ్లేవారిలో మహిళలూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఇంటిపనికి వెళ్లిన తల్లి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. మొదటి కాన్పు పుట్టింట జరగడం మన సంప్రదాయం. కూతురు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వస్తే, ఎదురొచ్చి కడుపులో పెట్టుకోవలసిన తల్లే ఇంట్లో లేదు. అవ్వ ఉంటే సరి, లేకుంటే చిన్నమ్మో వదినో దిక్కు. పుట్టిల్లు ఉండీ పుట్టింటి ఆసరా లేని ఈ స్థితిని ఏ సర్వే పత్రంలోనూ నింపే గడి లేదు.

దీనికి ప్రకృతి వైపరీత్యమూ తోడైంది. 2021 నవంబరు 19న పించా ప్రాజెక్టు, ఆ వెంటనే చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టలు తెగి పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు తదితర గ్రామాలను వరద ముంచెత్తింది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఇళ్లు, పశువులు, పొలాలు కొట్టుకుపోయాయి. పొలాల్లో ఇసుక మేట వేసింది. ఇలాంటి విపత్తు తర్వాత గర్భిణులు, బాలింతల్లో ఆందోళన, కుంగుబాటు పెరుగుతాయన్నది అనేక దేశాల్లో రుజువైన సంగతి. నష్టపోయిన ఇంటికి, గొడ్డుకు, పైరుకు లెక్క కట్టే పద్ధతి మన యంత్రాంగానికి తెలుసు. చెదిరిన మనసుకు లెక్క కట్టే పద్ధతి ఇంకా అలవాటు కాలేదు.

బాధకు పేరు లేదు

పల్లెల్లో ఏ ఆడమనిషీ 'నాకు డిప్రెషన్ వచ్చింది' అని ఆసుపత్రికి రాదు. 'తల పగిలిపోతోంది', 'గుండె దడగా ఉంది', 'ఒళ్లంతా మంటలు', 'అన్నం సయించడం లేదు', 'ఏమీ తోచడం లేదు' అంటుంది. మనసు బాధ ఒంటి బాధగా బయటపడుతుంది. వేవిళ్లని, నీరసమని, కడుపుతో ఉన్నప్పుడు ఇదంతా మామూలేనని ఇంట్లోవారు సరిపెడతారు. 'మేం నలుగురిని కనలేదా, మాకెప్పుడైనా ఇలా ఉందా?' అన్న పెద్దల మాట ఆమె నోటికి తాళం వేస్తుంది. మరీ ముదిరితే దిష్టి తగిలిందని, గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. కట్టించేవారి ప్రేమలో లోపం లేదు. కానీ ఈలోగా వారాలు, నెలలు గడిచిపోతాయి.

దిగులు అందరికీ వస్తుంది, పోతుంది. కాన్పయిన మూడు, నాలుగు రోజులకు ఏ కారణం లేకుండా ఏడుపు రావడం, చిరాకు కలగడం చాలామంది బాలింతల్లో సహజం. సాధారణంగా రెండు వారాల్లో అదే సర్దుకుంటుంది. కుంగుబాటు అలా కాదు. రోజులో ఎక్కువ సేపు, రెండు వారాలకు పైగా మనసు మబ్బు పట్టినట్లు ఉండడం, ఇష్టమైన పని మీదా ఆసక్తి పోవడం, నిద్ర కరవవడం, తాను ఎందుకూ పనికిరాననిపించడం, బిడ్డ మీద మమకారం కలగకపోవడం దీని గుర్తులు. చాలా అరుదుగా, వెయ్యి మంది బాలింతల్లో ఒకరిద్దరికి, కాన్పయిన తొలి వారాల్లో మతి భ్రమించినట్లవుతుంది. లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. అది ప్రసూతి రక్తస్రావమంత అత్యవసరం. గంటల్లో ఆసుపత్రికి చేర్చాలి.

పట్టించుకోకపోతే నష్టం తల్లితో ఆగదు. కుంగిపోయిన తల్లి సరిగా తినదు, పరీక్షలకు వెళ్లదు, ఐరన్ మాత్రలు వేసుకోదు. నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు బిడ్డ, పాలు పట్టడంలో ఇబ్బంది, బిడ్డ ఎదుగుదలలో మందగింపు.. వీటికీ తల్లి కుంగుబాటుకూ సంబంధం ఉందని పరిశోధనలు తేల్చాయి. అంగన్‌వాడీలో పాలు, గుడ్లు ఇస్తున్నా ఫలితం ఎందుకు రావడం లేదని విచారించే అధికారులు ఈ కోణాన్నీ పరిశీలించవలసి ఉంది.

ఆలోచనల సుడిగుండం

ఈ బాధకు మూలంలో ప్రతికూల ఆలోచనల సుడి ఉంటుంది. 'ఈసారీ ఆడపిల్లే పుడితే?' 'ఎంత తిన్నా బిడ్డ బలంగా పుట్టదు.' 'ఆపరేషన్ టేబుల్ మీదే పోతానేమో.' 'నా రాత ఇంతే.' ఒక ఆలోచన మరొకదాన్ని లాక్కొస్తుంది. అలా ఆలోచించడం వల్ల తినబుద్ధి కాదు, తినకపోవడంతో నీరసం, నీరసం చూసి 'నేననుకున్నదే నిజమైంది' అన్న భయం. సుడి మరింత లోతవుతుంది. మొదటి కాన్పులో ఆడపిల్ల పుట్టిన ఇంట రెండో గర్భం తొమ్మిది నెలల పరీక్షలా మారుతుంది. లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో చట్టం వచ్చినా, ఆ ఎదురుచూపును ఏ చట్టమూ ఆపలేదు. గోవాలో 2002లో ప్రచురితమైన డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం అధ్యయనంలోనూ ఆడపిల్ల పుట్టడం, భర్త హింస, పేదరికం బాలింత కుంగుబాటుకు కారణాలుగా తేలాయి.

ఇక్కడ ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. ఈ సుడిని ఆపడానికి ప్రతి ఊళ్లో మానసిక వైద్యుడు ఉండనక్కర లేదు. పాకిస్థాన్‌లోని రావల్పిండి పల్లెల్లో డాక్టర్ ఆతిఫ్ రెహమాన్ బృందం ఈ విషయాన్ని నిరూపించింది. మన ఆశా కార్యకర్తల వంటి గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, కుంగుబాటుతో ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపింది. వారు చేసింది మూడు పనులు. మనసును కుంగదీసే ఆలోచనను గుర్తించడం నేర్పారు. దాని స్థానంలో ఉపయోగపడే ఆలోచన పెట్టుకోవడం చూపారు. దాన్ని రోజూ చిన్న పనిగా ఆచరించేలా చేశారు. 'ఎంత తిన్నా ఇంతే' అనే చోట 'పూటకు రెండు ముద్దలు ఎక్కువ తింటే బిడ్డకు అందుతుంది' అన్నది మాట. ఆ రెండు ముద్దలు తినడం పని. 2008లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఫలితాల ప్రకారం, కాన్పయిన ఆరు నెలలకు ఈ సాయం అందిన తల్లుల్లో 23 శాతం మందికే కుంగుబాటు మిగలగా, అందనివారిలో 53 శాతం మందికి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఈ పద్ధతిని కరదీపికగా వెలువరించింది. తర్వాత గోవాలో సాటి మహిళలకే శిక్షణ ఇచ్చి దీన్ని పరీక్షించారు. కేరళ 'అమ్మ మనస్సు' పేరిట తల్లుల మానసిక ఆరోగ్యాన్ని ప్రభుత్వ కార్యక్రమంగానే చేపట్టింది. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డలను కలిపి చేర్చుకుని చికిత్స అందించే ప్రత్యేక విభాగం పనిచేస్తోంది.

ప్రశ్నలున్నాయి.. అడగవలసిన వారిని అడగడం లేదు

కుంగుబాటును పసిగట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర లేదు. 1987 నుంచి వాడుకలో ఉన్న ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి పది ప్రశ్నలే. అంతకంటే చిన్నది రెండు ప్రశ్నల పద్ధతి. గడచిన రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా? దిగులుగా, నిరాశగా అనిపించిందా? ఈ రెండింటికీ వచ్చే జవాబును బట్టి ఎవరిని పైఆసుపత్రికి పంపాలో ప్రాథమికంగా తేల్చవచ్చు.

విచిత్రమేమంటే ఈ రెండు ప్రశ్నలు మన ఆశా కార్యకర్తల చేతుల్లోకి ఎప్పుడో వచ్చాయి. మధుమేహం, రక్తపోటు వంటి జబ్బులను ముందుగా గుర్తించేందుకు కేంద్రం రూపొందించిన ఇంటింటి పరిశీలన పత్రంలో అవి ఉన్నాయి. అయితే ఆ పత్రం 30 ఏళ్లు పైబడిన వారికి ఉద్దేశించినది. మన పల్లెల్లో కాన్పులు ఎక్కువగా 30 ఏళ్లలోపే అయిపోతాయి. అంటే ప్రశ్న ఉంది, అడిగే మనిషి ఉంది, అడగవలసిన ఇల్లూ అదే. కానీ ఆ ఇంట్లో 22 ఏళ్ల గర్భిణిని వదిలి, 50 ఏళ్ల అత్తను అడిగి వచ్చేస్తున్నాం. ఈ చిన్న అంతరాన్ని పూడ్చడానికి కొత్త భవనం, కొత్త పోస్టు అక్కర లేదు. గర్భిణుల తనిఖీలో ఆ రెండు ప్రశ్నలు చేర్చితే చాలు.

అడిగితే చాలదు, అడిగాక దారి చూపాలి. ఇక్కడే అసలు కొరత. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996లోనే మొదలైనా, దాని నీడ మండలాల దాకా చాలినంతగా విస్తరించలేదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం సాధారణ మానసిక రుగ్మతలున్న వారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదు. రాజంపేట పల్లెల నుంచి మానసిక వైద్యుని చూడాలంటే సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని కడప రిమ్స్‌కో, అంతకంటే దూరంలోని తిరుపతికో వెళ్లాలి. నిండు గర్భిణికి ఆ బస్సు ప్రయాణమే ఒక శిక్ష. తోడు వచ్చేవారికి ఒక రోజు కూలి నష్టం. పైగా 'మతి చెడినవారి డాక్టరు' దగ్గరికి వెళ్లిందన్న పేరు. ఈ మూడూ కలిసి ఆమెను గడప దాటనివ్వవు.

పని భారం మోస్తున్న ఆశాలు, ఏఎన్‌ఎంల మీద మరో రిజిస్టరు పడేయడం పరిష్కారం కాదన్న వాదనలో న్యాయముంది. రాసే కాగితాలు పెరిగితే మాట్లాడే సమయం తగ్గుతుంది. అందుకే రెండు ప్రశ్నలకు మించి పెట్టకుండా, శిక్షణ ఇచ్చి, అదనపు పనికి అదనపు పారితోషికం ఇవ్వడం సమంజసం. 'ఏమ్మా, రాత్రిళ్లు నిద్ర పడుతోందా? మనసు ఎట్లుంది?' అని అత్త పక్కన లేనప్పుడు అడిగితే, ఆ పలకరింపే సగం మందు.

మందులపై అపోహలు వద్దు

గర్భిణి మానసిక వైద్యానికి మందులు వాడితే బిడ్డకు ప్రమాదమన్న భయం బలంగా ఉంది. తేలికపాటి, ఓ మోస్తరు కుంగుబాటుకు మాటలతో చేసే చికిత్స, ఇంటివారి ఆసరా చాలావరకు సరిపోతాయి. తీవ్రమైన వారికి గర్భంలోనూ, పాలిచ్చే కాలంలోనూ వైద్యుల పర్యవేక్షణలో వాడదగిన మందులున్నాయి. అయితే అన్ని మందులూ ఒకటి కాదు. మూర్ఛకు, కొన్ని మానసిక రుగ్మతలకు ఇచ్చే వాల్‌ప్రోయేట్ కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. కాబట్టి సొంతంగా మొదలుపెట్టడమూ, ఉన్నట్టుండి మానేయడమూ రెండూ ప్రమాదమే. నెల తప్పిన వెంటనే వాడుతున్న మందుల చీటీ వైద్యునికి చూపాలి. థైరాయిడ్, రక్తం పరీక్షలు చేయించాలి.

చట్టం కూడా తల్లి పక్షాన ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక చికిత్స పొందడాన్ని హక్కుగా గుర్తించింది. ఆసుపత్రిలో చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరుచేయరాదని స్పష్టం చేసింది. ఆసుపత్రికి వెళ్తే బిడ్డను లాక్కుంటారన్న భయం అక్కర లేదు.

ఇంటివారు ఏం చేయాలి?

* గర్భిణి రెండు వారాలకు మించి దిగులుగా, ముభావంగా ఉంటే వేవిళ్లని వదిలేయవద్దు. ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు చెప్పాలి.
* ఆడపిల్లా, మగపిల్లవాడా అన్న మాట ఆమె ముందు ఎత్తవద్దు.
* భర్త దూరదేశంలో ఉంటే వారానికి ఒకసారైనా ఆమె ఏకాంతంగా మాట్లాడుకునే వీలు అత్తమామలు కల్పించాలి.
* పగలు కొంత నిద్ర, ఇంటిపనిలో సాయం, ఇరుగుపొరుగుతో కొద్దిసేపు కబుర్లు.. ఇవీ చికిత్సలో భాగమే.
* 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ ఉచిత సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. బస్సెక్కనక్కర లేదు, ఊరికి తెలియనక్కర లేదు.
* బతకాలని లేదన్న మాట ఒక్కసారి వినిపించినా ఒంటరిగా వదలవద్దు. పురుగుమందులు, మాత్రలు అందకుండా దాచాలి. వెంటనే 108కి ఫోను చేయాలి.

కాన్పు అంటే తల్లికి మరుజన్మ అంటారు. ఆ మరుజన్మకు కావలసిన రక్తం, మాత్రలు, వాహనం, ఆసుపత్రి మంచం సమకూర్చడంలో ప్రభుత్వాలు రెండు దశాబ్దాలు శ్రమించి ఫలితం చూపాయి. రక్తపోటు కొలిచే చేతికి ఆమె మనసు సంగతి అడగడం అదనపు శ్రమ కాబోదు. ప్రతి నెలా 9వ తేదీన జరిగే గర్భిణుల పరీక్షల్లో ఆ రెండు ప్రశ్నలు చేర్చి, జవాబు బాగాలేని వారిని చూసేందుకు నెలకొక్కరోజైనా మానసిక వైద్యుణ్ణి రాజంపేటకు రప్పించాలి. జిల్లా వైద్యారోగ్య శాఖ తలచుకుంటే ఇది వచ్చే నెల నుంచే సాధ్యమయ్యే పని.